టమ్మీ టక్‌కి డేట్ తీసుకునే ముందు

విజయనగరం బస్సులో ఎవరో "మళ్లీ నెల తప్పావా?" అన్నారని టమ్మీ టక్‌కి, అంటే పొట్ట మీద సాగిన చర్మం, కొవ్వు తీసేసి బిగించే ఆపరేషన్‌కి, పరిగెత్తకండి, అది వాళ్ల నోటి దురద.

- కాన్పయి కనీసం 6 నెలలు దాటాలి, పాలు మాన్పించాలి. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ఇప్పుడొద్దు, పొట్ట మళ్లీ సాగిపోతుంది.
- పొట్ట కండరాలు మధ్యలో విడిపోయాయేమో చూపించుకోండి, కొందరికి ఫిజియోథెరపీతోనే బాగా తగ్గుతుంది.
- సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీ డిగ్రీ ఉందా, మత్తు డాక్టర్ ఎవరు? మొహమాటపడకుండా అడగండి.
- వాడే మాత్రలన్నీ చెప్పండి, ఆస్పిరిన్‌తో సహా.
- అందం కోసమైతే బీమా మామూలుగా రాదు.
- అసలు తంటా తర్వాతే: సుమారు 6 వారాలు బరువులెత్తకూడదు, చంకెక్కే పిల్లాడిని కూడా, కాబట్టి అమ్మనో అత్తనో ముందే పిలిపించుకోండి. విశాఖలో చేయించుకుంటే కుట్లతో, డ్రెయిన్ గొట్టంతో (లోపల చేరే నీరు బయటికి పోవడానికి పెట్టేది) బస్సెక్కకుండా మొదటి వారం అక్కడే ఉండే ఏర్పాటు చూసుకోండి. పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.