రిస్టోర్ చేసిన ఎంజీబీ కారులో బ్రేకులు సరిగా పడకపోతే: లోపం పట్టుకోవడం ఎలా?

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు ఎంజీబీకి ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. ఏబీఎస్ లేదు. మొదటి సంవత్సరాల బళ్లకు సర్క్యూట్ (బ్రేక్ ఆయిల్ తిరిగే దారి) కూడా ఒక్కటే, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఇంత సులువైన వ్యవస్థయినా రిస్టోరేషన్ పూర్తయిన బండిలోనే తంటాలు ఎక్కువ. మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి తోసేది), హోసులు, షూలు అన్నీ ఒకేసారి మారిపోతాయి కాబట్టి లోపం ఎక్కడుందో తేలదు. చాలామంది వెంటనే మాస్టర్ సిలిండర్ మార్చేస్తారు. అది డబ్బు దండగ. ముందు పెడల్ ఏం చెబుతోందో చూడాలి, తర్వాత సర్క్యూట్‌ను ఒక్కో ముక్కగా విడదీసి వెతకాలి.

మొదలుపెట్టే ముందు

చదునైన నేల మీద, జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా యాక్సిల్ స్టాండ్ల మీద బండిని నిలబెట్టండి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అందుకే డ్రమ్ములోని దుమ్మును ఎయిర్ గన్‌తో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది, ఒలికిన వెంటనే నీళ్లతో కడగండి. రబ్బరు సీళ్లను పెట్రోలు, డీజిల్, కిరోసిన్‌తో కడిగితే ఉబ్బిపోతాయి. శుభ్రం చేయడానికి కొత్త బ్రేక్ ఆయిలే వాడండి.

పెడల్ పరీక్ష

ఇంజిన్ ఆపి, పెడల్‌ను నెమ్మదిగా నొక్కి 30 సెకన్లు అలాగే పట్టుకోండి.

1. పెడల్ చాలా కిందికి వెళ్లి, రెండుమూడుసార్లు కొడితే పైకి వస్తోందా? మొదట వెనక చక్రాల షూల సర్దుబాటును అనుమానించండి. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి మళ్లీ పెడల్ నొక్కండి. ఇప్పుడు పైనే గట్టిగా ఆగితే షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయన్నమాట.

2. స్పాంజిలా మెత్తగా ఉందా? లైనులో గాలి ఉండొచ్చు, పాత హోసు ఉబ్బుతుండొచ్చు, కొత్త షూల వంపు డ్రమ్ము వంపుతో కలవకపోవచ్చు.

3. పట్టుకుని ఉండగానే మెల్లగా దిగిపోతోందా? ఎక్కడైనా లీకుంది, లేదా మాస్టర్ సిలిండర్ సీళ్లను దాటుకుని ఆయిల్ వెనక్కి పోతోంది. బయట తడి కనబడకపోతే, ఆయిల్ కూడా తగ్గకపోతే రెండోదే.

4. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగడం లేదా? కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం) పిస్టన్లు బిగుసుకోవడం, ప్యాడ్లు అద్దంలా నున్నబడడం, సర్వో (ఇంజిన్ వాక్యూమ్‌తో బ్రేకు బలం పెంచే పరికరం) పనిచేయకపోవడం చూడండి.

రోడ్డు మలుపు తిరిగిన తర్వాత మాత్రమే మొదటి నొక్కు కిందికి వెళ్తే బ్రేకులను వదిలి ముందు చక్రాల బేరింగులు చూడండి. హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) ఊగితే డిస్కు పిస్టన్లను లోపలికి నెట్టేస్తుంది. ఈ బేరింగుల ప్లే (ఖాళీ కదలిక) 0.05 నుంచి 0.10 మి.మీ. ఉండాలి. ఆ కొలతను స్పేసరు, షిమ్‌లతో (పలుచటి రేకు వాషర్లతో) కుదర్చాలి. స్పేసరు తీసి పారేసి నట్టును అందాజాగా బిగించిన బళ్లు చాలానే కనబడతాయి.

హోసులు నొక్కి లోపాన్ని వేరుచేయడం

అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష ఇదే. ఈ బండిలో రబ్బరు హోసులు మూడు: ముందు చక్రాలకు ఒక్కొక్కటి, వెనక యాక్సిల్ మొత్తానికి ఒకటి. గుండ్రటి దవడలున్న హోస్ క్లాంపులు మూడు తీసుకుని మూడింటినీ నొక్కేయండి. స్టీలు అల్లిక ఉన్న హోసులకు మాత్రం క్లాంపు వేయకూడదు.

మూడూ నొక్కినప్పుడు పెడల్ పైనే గట్టిగా ఉంటే మాస్టర్ సిలిండర్ బాగుంది. అప్పటికీ మెత్తగా ఉన్నా, దిగిపోయినా లోపం అందులోనో, దాని నుంచి వచ్చే పైపుల్లోనో ఉంది. బాగుంటే ఒక్కో క్లాంపు తీస్తూ పెడల్ నొక్కండి. ఏది తీసినప్పుడు పెడల్ బాగా కుంగిందో ఆ చక్రం దగ్గరికి వెళ్లండి.

వెనక షూల సర్దుబాటు

హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ను ముందే వదులు చేయాలి. కేబుల్ బిగించి షూల దూరాన్ని కప్పిపుచ్చితే పెడల్ ఎప్పటికీ బాగుపడదు. ఒక్కో బ్యాక్‌ప్లేటు (డ్రమ్ము వెనక ఉండే రేకు) వెనక పావు అంగుళం చదరపు తల ఉన్న అడ్జస్టర్ ఉంటుంది. మామూలు స్పానర్‌తో తిప్పితే మూలలు అరిగిపోతాయి, అడ్జస్టర్ స్పానరే వాడండి. చక్రం బిగుసుకునేదాకా కుడివైపు తిప్పి, పెడల్ గట్టిగా రెండుసార్లు నొక్కి షూలను మధ్యకు తెచ్చి, మళ్లీ బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా వదలండి. కేబుల్ పని చివర్లో.

అడ్జస్టర్ ఎంత తిప్పినా ఫలితం లేకపోతే డ్రమ్ము విప్పి చూడండి. వీల్ సిలిండర్‌ను (షూలను డ్రమ్ము మీదికి తోసేదాన్ని) బ్యాక్‌ప్లేటుకు పట్టి ఉంచేది ఒక చిన్న క్లిప్పు. అది గాడిలో పూర్తిగా కూర్చోకపోతే సిలిండర్ ఊగుతుంది, పెడల్ కొట్టే దూరంలో కొంత అక్కడే వృథా అవుతుంది.

షూ తడిగా ఉంటే ఏ తడో తేల్చండి. కాస్త గుడ్డకు అంటించి నీళ్లలో వేయండి. కరిగిపోతే బ్రేక్ ఆయిల్, అంటే వీల్ సిలిండర్ సీలు పోయింది. పైన తేలి గంధకం వాసన వస్తే డిఫరెన్షియల్ గేర్ ఆయిల్. అప్పుడు సీలు ఒక్కటే మార్చకండి, యాక్సిల్ మీది గాలి రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. లోపలి ఒత్తిడి కొత్త సీలునూ దాటుతుంది. తడిసిన షూలను ఎండబెట్టి వాడుకోవడం కుదరదు, మార్చాల్సిందే.

బ్రేకు వదలకపోతే

పట్టుకుపోయిన చక్రం దగ్గర బ్లీడ్ నిపుల్‌కు (లైనులోని గాలి తీసే చిన్న మరకు) గొట్టం తగిలించి కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే లోపల ఒత్తిడి ఇరుక్కుంది. తిరగకపోతే పిస్టనో, షూనో, హ్యాండ్‌బ్రేక్ కేబులో తుప్పు పట్టి బిగుసుకుంది.

ఒత్తిడి ఇరుక్కున్నట్టయితే, బ్రేకు మళ్లీ పట్టుకునేలా చేసి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గరి పైపు నట్టు వదులు చేయండి. అక్కడ వదిలినా చక్రం విడవకపోతే మధ్యలో ఉన్న హోసు లోపల పొర ఊడి వాల్వులా మూసుకుంటోంది. బయటి నుంచి హోసు కొత్తదానిలాగే కనబడుతుంది, మోసపోవద్దు. ముందు చక్రాల్లో ఒక్కటే పట్టుకుంటే ఆ వైపు హోసు. వెనక రెండూ కలిసి పట్టుకుంటే యాక్సిల్ హోసు.

మాస్టర్ దగ్గర వదలగానే నాలుగు చక్రాలూ తిరిగితే పుష్‌రాడ్ (పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను తోసే కడ్డీ) ప్లే చూడండి. పెడల్ ప్యాడ్ దగ్గర కనీసం 3 మి.మీ. ఖాళీ కదలిక ఉండాలి. లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే సన్నటి రంధ్రం మూసుకునే ఉంటుంది. బండి వేడెక్కిన కొద్దీ ఆయిల్ వ్యాకోచించి బ్రేకులు వాటంతటవే పడతాయి. ఇంటి దగ్గర బాగుండి పది కిలోమీటర్ల తర్వాత జామ్ అయ్యే బండి కథ చాలాసార్లు ఇదే.

గాలి ఎంత తీసినా పోకపోతే

కాలిపర్లు కుడి ఎడమలు మారాయేమో ముందు చూడండి. బ్లీడ్ నిపుల్ పైభాగంలో ఉండాలి. కింద ఉంటే పైన చిక్కిన గాలి ఎన్ని లీటర్లు పోసినా రాదు.

సింగిల్ సర్క్యూట్ బండికి మాస్టర్ నుంచి దూరపు వెనక చక్రంతో మొదలుపెట్టి దగ్గరకు రండి. డ్యూయల్ (రెండు) సర్క్యూట్ల బండికి మాన్యువల్‌లోని వరుసే పాటించండి. పెడల్ కింద చెక్క దిమ్మె పెట్టండి. రోజువారీ వాడకంలో పిస్టన్ వెళ్లని లోపలి భాగంలో తుప్పు ఉంటుంది, పెడల్‌ను నేల దాకా తొక్కితే సీలు దాని మీద గీసుకుని చిరిగిపోతుంది. నిన్నటిదాకా పనిచేసిన పాత మాస్టర్ సిలిండర్ గాలి తీసిన మర్నాడే పోవడానికి కారణం ఇదే.

డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ వాడండి. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 155 డిగ్రీలకే మరగొచ్చు, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. సిలికాన్ డాట్ 5ను దీనితో కలపకూడదు. సిలికాన్ పోసిన పాత బళ్లలో ఒత్తిడితో పనిచేసే బ్రేక్ లైట్ స్విచ్ త్వరగా పాడవుతుందన్న ఫిర్యాదు ఎక్కువ, వెనక లైటు వెలుగుతోందో లేదో చూస్తుండండి.

ఆయిల్ తగ్గుతూ ఎక్కడా తడి లేకపోతే, సర్వో ఉన్న బండిలో దాని వాక్యూమ్ గొట్టం విప్పి చూడండి. సీలు పోతే ఆయిల్‌ను ఇంజిన్ పీల్చుకుని తెల్లటి పొగగా వదులుతుంది.

పైపులు కొత్తగా చేయిస్తే 3/16 అంగుళం కాపర్ నికెల్ పైపు మంచిది, తుప్పు పట్టదు. నట్లు 3/8 అంగుళం యూఎన్‌ఎఫ్ (అంగుళాల కొలత) మరలవి. ఇప్పటి కార్ల షెడ్లలో దొరికేవి 10 మి.మీ. మెట్రిక్. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 3/8 నట్టు మెట్రిక్ రంధ్రంలో వదులుగా పడి, గట్టిగా బిగిస్తే మరలు తెగుతాయి. చేత్తో నాలుగైదు చుట్లు సాఫీగా తిరగని నట్టును పానాతో బలవంతం చేయకండి.

రోడ్డు మీదికి

కాలిపర్ బోల్టులను 54–61 న్యూటన్ మీటర్ల బలంతో బిగించి, ట్యాబ్ వాషర్ల చెవులు మడవండి. చక్రాలు ఎక్కించాక ఒకరు పెడల్‌ను గట్టిగా నొక్కి పట్టుకుంటే మరొకరు ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడిచి తడి చూడాలి. ఖాళీ రోడ్డులో 50 నుంచి 15 కిలోమీటర్ల వేగానికి పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ ఆపితే కొత్త ప్యాడ్లు కూర్చుంటాయి. వేడి డిస్కు మీద పెడల్ నొక్కి నిలబడకండి. వైర్ వీల్స్ ఉన్న బండిలో రివర్స్ తర్వాత మొదటి బ్రేకుకు టక్ మని వినిపిస్తే హబ్ స్ప్లైన్లు (చక్రాన్ని పట్టుకునే పళ్లు) అరిగాయేమో చూడండి, ఆ శబ్దం బ్రేకుది కాకపోవచ్చు. తిరిగొచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చేయి ఆనీ ఆనకుండా పెట్టి వేడి పోల్చండి. ఒక్కటే మండుతుంటే దాని హోసు, పిస్టన్ మళ్లీ చూడాలి.