మైస్‌లో హెడ్ ట్విచ్ లెక్కపెట్టడం ఎలా

ఎల్ఎస్‌డీ, సైలోసిబిన్, డీఓఐ లాంటి భ్రమలు తెప్పించే మందులు ఇస్తే చిట్టెలుకకి ఏం కనిపిస్తుందో దాన్ని అడగలేం కదా, అందుకే ల్యాబుల్లో హెడ్ ట్విచ్ చూస్తారు. చెవిలో ఏదో దూరినట్టు తలని అటూ ఇటూ టకామని విదిలిస్తుంది, రెప్పపాటులో అయిపోతుంది. మనుషుల్లో భ్రమలు తెప్పించే మందులు ఎలుకల్లో ఈ విదిలింపు తెప్పిస్తున్నాయని కోర్న్, పికరింగ్ 1967లోనే రాశారు.

మన దగ్గరైతే ముందు ఐఏఈసీ (సంస్థలో జంతు ప్రయోగాల నైతిక కమిటీ) అప్రూవల్ ఉండాలి, ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కిందకొచ్చే మందైతే దాని పర్మిషన్ వేరే. అవి చేతికొచ్చాకే మిగతావి.

ఎలుకని ముందే బాక్సులో వదిలి అలవాటు పడనివ్వండి, కొత్త చోట అది ఊరికే తిరుగుతూ వాసన చూస్తూ ఉంటుంది. కెమెరా పైనుంచి పెట్టండి, ఫ్రేమ్ రేట్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది, ఎందుకంటే ఆ ఊపు సెకనుకి దాదాపు 90 సార్లు, మామూలు వీడియోలో మసకగా ఒక్క గీతలా కనిపిస్తుంది. తర్వాత స్లోగా ప్లే చేసి లెక్కపెట్టాలి. ముందు కాళ్లతో మొహం తుడుచుకోవడం, వెనక కాలితో చెవి గోక్కోవడం, ఇవేవీ లెక్కలోకి రావు, కొత్తవాళ్ల నంబర్ పెరిగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఏ ఎలుకకి సెలైన్, ఏదానికి మందు అన్నది లెక్కపెట్టేవాళ్లకి అస్సలు తెలియకూడదు, తెలిస్తే కన్ను తనకి కావలసిందే చూస్తుంది. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి పోల్చుకుంటే ఇంకా నయం. ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే ఎలుక తలకి చిన్న అయస్కాంతం పెట్టి చుట్టూ కాయిల్‌తో రికార్డ్ చేసే పద్ధతి ఉంది, హాల్బర్‌స్టాట్, గేయర్ 2013లో చూపించారు.

ఒక్క డోస్‌తో ఆపేయకండి. డోస్ పెంచుతూ పోతే ట్విచ్‌లు పెరిగి, ఒక దశ దాటాక మళ్లీ తగ్గుతాయి, పొరపాటున ఎక్కువ డోస్ ఒక్కటే ఇచ్చి చూస్తే మందు పనిచెయ్యట్లేదు అనిపిస్తుంది. ఇంకో గ్రూపుకి ముందు కెటాన్సెరిన్ (సెరటోనిన్ 2ఏ రిసెప్టర్‌ని, అంటే మెదడు కణాల మీద ఈ మందులు అతుక్కునే చోటుని, అడ్డుకునే మందు) ఇచ్చి తర్వాత మందు ఇవ్వండి, విదిలింపు ఆగిపోతే అది ఆ రిసెప్టర్ పనే అనడానికి కాస్త బలం ఉంటుంది. ఆ రిసెప్టర్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో డీఓఐ, ఎల్ఎస్‌డీ ఇచ్చినా ట్విచ్ రాదు.

రిపోర్టులో మాత్రం "ఎలుకకి భ్రమలు వచ్చాయి" అని రాయొద్దు ప్లీజ్. 5-హెచ్‌టీపీ (ఒంట్లో సెరటోనిన్‌గా మారే పదార్థం) మనుషుల్లో భ్రమలు తెప్పించేది కాదు, అయినా ఎలుకలు తల విదిలిస్తాయి, లిసురైడ్ అనే మందు అదే 2ఏ రిసెప్టర్‌కి అతుక్కుంటుంది కానీ అది ఇస్తే ఎలుకలు తల విదిలించవు. ఎన్ని నిమిషాల్లో ఎన్ని ట్విచ్‌లు, ఏ స్ట్రెయిన్ (ఎలుక రకం), ఆడా మగా, వయసెంత, ఇవి రాస్తే చాలు.