లారీ ఇంజన్ పాఠాలు – 7: పాత ఫిల్టర్ కడుపు కోసి చూస్తేనే కొత్తది కొనడం వస్తుంది

పోయిన పాఠంలో ఆయిల్ డబ్బా మీద చిక్కదనం చెప్పే 15డబ్ల్యూ-40, నాణ్యత తరగతి చెప్పే సీఐ-4, సీకే-4 గొడవంతా చూశాం. మీ బండి మాన్యువల్ తీసి అందులో ఏ గ్రేడు రాశారో చూసి రమ్మన్నాను. చూడనివాళ్లు ముందు ఆ పని కానివ్వండి, ఇవాళ కూడా ఆ పుస్తకంతో పనుంది.

ఇవాళ్టికి కావాల్సిన సామాను: మీ బండికే వాడి తీసిన పాత ఆయిల్ ఫిల్టర్, చక్రం తిప్పుతూ డబ్బా అంచు కోసే ఫిల్టర్ కట్టర్, ఒక అయస్కాంతం, తెల్ల గుడ్డ. హాక్సా మాత్రం వద్దు. రంపం పొట్టు లోపల పడిందంటే, ఇంజన్ రాల్చిన ఇనుమేదో మీ బ్లేడు రాల్చిన ఇనుమేదో ఎవరూ చెప్పలేరు.

రెండేళ్ల కిందట విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఒక పన్నెండు టైర్ల బండి వచ్చింది. కనెక్టింగ్ రాడ్డు క్రాంక్‌ని పట్టుకునే చోట ఉండే బిగెండ్ బేరింగులు పోయి, పిస్టన్ల ఊపుని చక్రాల తిరుగుడుగా మార్చే క్రాంక్ ఇరుసు మీద గీతలు పడి, ఇంజన్ మొత్తం దింపాల్సి వచ్చింది. ఓనరు స్టూలు మీద దిగాలుగా కూర్చుని ఒకటే మాట.

"ఆయిల్ టైముకే మారుస్తున్నా గదా మేస్త్రీ. ఆయిల్ ప్రెషర్ గేజ్ కూడా ఏ రోజూ పడిపోలేదు. మరి ఇదేంటి?"

"ఫిల్టర్ ఏది వేశారండీ?"

"ఏదైతే ఏంటి, లోపల ఉండేది కాగితమేగా. రెండొందల యాభై తక్కువకి వస్తుంటే..."

ఆ ఫిల్టర్‌ని ఆయన కళ్లముందే కోశాను. మడతల కాగితం చుట్టలా చుట్టి రెండు కొసలూ అతికిస్తారు కదా, ఆ అతుకు దగ్గర జిగురు పట్టనేలేదు. వేలిగోరు దూరేంత సందు. అంత దారి తెరిచి ఉంటే ఆయిల్ కాగితంలోంచి వడగట్టుకుంటూ ఎందుకు వెళ్తుంది? పెద్ద తలుపు తీసి ఉండగా కిటికీలోంచి దూరేవాడు ఎవడుంటాడు? దారిలో అడ్డమే లేదు కనుక ప్రెషర్ కూడా తగ్గలేదు. గేజ్ చూసి ఆయన ధీమాగా ఉన్నాడు. గేజ్ ప్రెషర్ సంగతి చెప్తుంది గానీ ఆయిల్ శుభ్రంగా ఉందో లేదో దానికేం తెలుసు?

ఇక అసలు పాఠం. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే చాంబర్‌లోంచి పంపు లాగిన ఆయిల్ ముందు ఫిల్టర్‌కి వస్తుంది. మూతి చుట్టూ ఉన్న చిన్న చిల్లుల్లోంచి లోపలికి దిగి, కాగితం బయటి వైపు నుంచి లోపలి వైపుకి వడబడి, మధ్య పెద్ద రంధ్రంలోంచి ఇంజన్‌కి పోతుంది. ఈ దిశ గుర్తుంచుకోండి, బిగించేటప్పుడు అవసరం పడుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య నిలిచే ఆయిల్ పొర, బరువు మీద నడిచేటప్పుడు, కొద్ది మైక్రాన్లే. అంటే బేరింగుని గీకే రజను మన కంటికి ఆనదు. వేళ్లమధ్య ఆయిల్ రుద్ది "గరుకు లేదు, బాగానే ఉంది" అనేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. వేలికి గరుకు తగిలే రోజుకి సిలిండర్ల బోరు పని కూడా తప్పదు.

కొందరి ఫిర్యాదు ఇంకోటి: "ఫిల్టర్ మార్చిన వారానికే ఆయిల్ నల్లబడింది, ఇది డూప్లికేటే." కాదు. డీజిల్ మసి రేణువు ఒక మైక్రాన్ కన్నా చిన్నది. దాన్ని ముద్ద కట్టనీయకుండా తనలో తేలుతూ ఉంచడం మంచి ఆయిల్ చేసే పని. ఫిల్టర్ దాన్ని పట్టదు, పట్టాలని ఎవరూ అనుకోరు కూడా. నలుపు చూసి ఫిల్టర్‌ని తిట్టొద్దు.

సరే, కోయండి. ఆయిల్ బాగా కారిపోయేదాకా ఒక పూట బోర్లించి ఉంచాక కోయాలి. మూత విడదీయగానే కింద ఒక రబ్బరు పళ్లెం లాంటిది కనిపిస్తుంది. బండి ఆపినప్పుడు ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి చాంబర్‌లోకి జారిపోకుండా ఆపేది ఇదే. వేలితో వంచి చూడండి. మెత్తగా వంగి తిరిగి యథాస్థానానికి రావాలి. అప్పడంలా బిరుసెక్కి ఉంటే, పొద్దున్నే స్టార్టు చేసిన ప్రతిసారీ ఫిల్టర్ మళ్లీ నిండేదాకా బేరింగులు ఆయిల్ లేకుండా తిరుగుతున్నట్టే. తెల్లారి ఆయిల్ లైటు రెండు మూడు సెకన్లు ఎక్కువ వెలుగుతోందని డ్రైవర్ చెప్తే కొట్టిపారేయకండి. ఈ రబ్బరు మామూలుగా నల్ల నైట్రైల్‌తో చేస్తారు, వేడికి తొందరగా గట్టిపడుతుంది. సిలికోన్ రకం ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. అది తరచు ఎర్రగానో నారింజ రంగులోనో ఉంటుంది, కానీ రంగు చూసే కొనేయకండి, రంగు వేయడం ఎవరికైనా తెలుసు.

తర్వాత బైపాస్ వాల్వు. స్ప్రింగు మీద నిలిచే చిన్న బిళ్ల. చలిలో ఆయిల్ చిక్కబడినప్పుడో, కాగితం మురికితో మూసుకుపోయినప్పుడో అటూ ఇటూ ప్రెషర్ తేడా పెరుగుతుంది. ఒక హద్దు దాటాక ఈ బిళ్ల లేచి వడగట్టని ఆయిల్‌నే ఇంజన్‌కి వదులుతుంది. అసలు ఆయిలే అందకపోవడం కన్నా మురికి ఆయిల్ అందడం నయం కదా, అందుకు. చవక ఫిల్టర్లలో ఈ స్ప్రింగు మెతకగా ఉంటే బిళ్ల ఊరికే లేచి కూర్చుంటుంది. కాగితం మీద మురికి పెద్దగా పేరుకోదు, అది మాత్రం ఇంజన్‌లో తిరుగుతూ ఉంటుంది. ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన ఫిల్టర్ కాగితం శుభ్రంగా కనిపిస్తే సంతోషపడకండి, అనుమానపడండి.

కొన్ని ఇంజన్లలో ఈ వాల్వు ఫిల్టర్‌లో ఉండదు, ఫిల్టర్ బిగించే హెడ్డులోనే ఉంటుంది. అందుకే "మర ఒకటే, మూతి చుట్టూ ఉండే రబ్బరు వాషర్ సైజు ఒకటే, పట్టేసింది" అని వేరే ఇంజన్ ఫిల్టర్ బిగించడం ప్రమాదం. పట్టడం వేరు, సరిపడడం వేరు. మాన్యువల్‌లో ఉన్న పార్టు నంబరుకి సమానమని ఫిల్టర్ కంపెనీ తన జాబితాలో చూపితేనే తీసుకోండి.

ఇప్పుడు కాగితం. పైన కింద రేకు మూతలు పట్టుకుని కొద్దిగా తిప్పండి. జిగురు వదిలిందా? మధ్య చిల్లుల గొట్టం నలిగిందా? మడతలు సమదూరంలో ఉన్నాయా, లేక ఒకచోట గుంపు కట్టి ఇంకోచోట బట్టతలలా ఉన్నాయా? మడతలు లెక్కపెట్టి "దీనికి 60, దానికి 45, ఇదే మంచిది" అనేవాళ్లున్నారు. అది సగం నిజమే. మడత లోతెంత, కాగితం ఏ రకం అన్నది కూడా చూడాలి. మరీ ఇరికిస్తే మడతల మధ్య చోటు చాలక ఆ కాగితం ఉన్నా లేనట్టే.

ఒక బారెడు కాగితం చించి తెల్ల గుడ్డలో పెట్టి ఆయిల్ పిండేయండి. ఎండలో విప్పి పట్టుకుంటే మీ ఇంజన్ జాతకం కనిపిస్తుంది. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము, స్టీలు: రింగులు, లైనర్లు, గేర్లు. అంటుకోకుండా బూడిద రంగులో తళుక్కుమనే పలుకులు బేరింగు పైపూత కావచ్చు. రాగి రంగు కనిపిస్తే ఆ పూత అరిగి కింది పొర బయటపడిందనో, బుష్‌లు అరుగుతున్నాయనో అర్థం, ఆలస్యం చేయకూడదు. ఇసుక లాంటి గరుకు ఉంటే ఎయిర్ ఫిల్టర్ తర్వాత హోస్ ఎక్కడో చిరిగి ఉండొచ్చు. మజ్జిగ రంగు జిడ్డు ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. ఒకటీ అరా మెరుపు ప్రతి ఫిల్టర్‌లోనూ ఉంటుంది, దానికి కంగారొద్దు. పోయినసారి కన్నా పెరిగిందా అన్నది ముఖ్యం. అందుకే నేను చిన్న ముక్క కత్తిరించి, తేదీ, కిలోమీటర్లు రాసి ప్లాస్టిక్ కవర్లో దాస్తాను. మా ఆవిడ దాన్ని చెత్త సంచీ అంటుంది.

షాపుకి వెళ్దాం. డబ్బా మీద "20 మైక్రాన్లు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఎంత శాతం పడుతుందో చెప్పకపోతే ఆ అంకెకి విలువ లేదు, 20 మైక్రాన్ల రజనులో సగమే పట్టే ఫిల్టర్ మీద కూడా అలా అచ్చేయొచ్చు. మంచి కంపెనీలు తమ వివరాల పత్రంలో ఐఎస్‌ఓ 4548-12 అనే అంతర్జాతీయ ఫిల్టర్ పరీక్ష ప్రకారం బీటా అంకె ఇస్తాయి, అంటే ఎన్ని రేణువులు వస్తే ఒకటి దాటిపోతుందన్న లెక్క. బీటా 2 అంటే రెండు రేణువులు వస్తే ఒకటి దాటిపోయింది, పట్టింది 50 శాతం. బీటా 75 అంటే 75 వస్తే ఒకటే దాటింది, పట్టింది 98.7 శాతం. కౌంటర్లో అడిగితే చాలాచోట్ల మొహం మొహం చూసుకుంటారు. అయినా అడగండి, కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర దొరుకుతుంది.

డూప్లికేట్ సంగతికొస్తే, అట్టపెట్టె మీద నంబరూ డబ్బా మీద నంబరూ ఒకటేనా చూడండి. కంపెనీ క్యూఆర్ ఇస్తే ఫోన్‌తో చూడండి. బిల్లు తీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, వాడిన తర్వాత ఆ పెట్టె చించేయండి. ఖాళీ ఒరిజినల్ పెట్టెలు కొనుక్కెళ్లేవాళ్లు ఊరికే కొనరు.

బిగించడంలో ఒక్క పొరపాటు చెప్పి వదిలేస్తాను. మా షెడ్డులోనే, మా కుర్రాడి చేతిమీదే జరిగింది. పాత ఫిల్టర్ వాషర్ హెడ్డుకే అంటుకుని ఉండిపోయింది. చూడకుండా దాని మీదే కొత్తది బిగించాడు. బండి హైదరాబాద్ దారిన కీసర టోల్ చేరకముందే వాషర్లు తన్నుకొచ్చి ఆయిలంతా రోడ్డు పాలైంది. డ్రైవర్ గేజ్ చూసి వెంటనే ఇంజన్ ఆపాడు కాబట్టి బతికాం. ఇప్పుడు పాత వాషర్ చేతిలో పెట్టి చూపిస్తే గానీ కొత్త ఫిల్టర్ చేతికివ్వను. హెడ్డు గుడ్డతో తుడవండి, కొత్త వాషర్‌కి ఆయిల్ రాయండి, వాషర్ తగిలాక చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పండి. డబ్బా మీద వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. ముందుగా ఆయిల్ నింపమని మాన్యువల్ చెప్తే, చుట్టూ ఉన్న చిన్న చిల్లుల్లోంచే పోయండి. మధ్య రంధ్రంలో పోసింది వడబడకుండా తిన్నగా బేరింగులకే పోతుంది.

ఇంటిపని: ఈసారి ఆయిల్ మార్చినప్పుడు తీసిన ఫిల్టర్ కోసి, కాగితం ముక్క, అయస్కాంతానికి అంటినది, రబ్బరు పళ్లెం మూడూ తెల్ల గుడ్డ మీద పెట్టి ఫోటో తీసుకోండి. బండి నంబరు బదులు కిలోమీటర్లు రాయండి. ఆ ముక్కలో ఇసుక గరుకు కనిపించినవాళ్లు ఎయిర్ ఫిల్టర్ హోస్ క్లిప్పులు కూడా విప్పి చూసి రండి. 8వ పాఠం అక్కడే మొదలవుతుంది.