కుంగుబాటుకు ఆన్‌లైన్ చికిత్స, మధ్యలో వదలకుండా – 3వ పాఠం: వారానికొక ఫోను

కిందటి పాఠంలో, కుంగుబాటు చికిత్సగా ఫోన్‌లో పాఠాలు పాఠాలుగా చేసే ఆన్‌లైన్ కోర్సుకు రోజూ ఒక వేళ పెట్టుకున్నాం. ఆ వేళ నిలబడనివాళ్ల కోసమే ఈ పాఠం.

ఏ పని చేస్తే కాస్త తేలికపడతామో, దాని మీదికే మనసు పోనివ్వదు కుంగుబాటు. అందుకే కోర్సు ఆగితే బద్ధకం అనకండి, జబ్బు చేసే పనే అది. పట్టుదల పెంచుకోమని నేను చెప్పను. ఇంకో మనిషిని తోడు తెచ్చుకోమంటాను.

బ్రిటన్‌లో రీయాక్ట్ అనే పరిశోధనలో కుంగుబాటుతో డాక్టర్ల దగ్గరికి వచ్చిన 691 మందిని పరిశీలించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. కంప్యూటర్‌లో చేసే ఇలాంటి చికిత్స కోర్సు ఇచ్చినవాళ్లలో చాలామంది ఒకటి రెండు పాఠాలకే ఆపేశారు. మామూలు వైద్యం మీద అదనపు మేలూ కనపడలేదు. తర్వాతి పరిశోధనలో శిక్షణ ఉన్నవాళ్లు ఫోన్‌లో పలకరిస్తూ నడిపిస్తే, ఎక్కువ పాఠాలు పూర్తయ్యాయి. మీ కోర్సులో అలాంటి సహాయకులు ఉంటే మొహమాటపడకుండా అడగండి. లేకపోతే మనవాళ్లలోనే ఒకరిని చూసుకోవాలి. వాళ్లు చికిత్స చేయలేరు, కానీ దారి తప్పకుండా చూడగలరు.

పలాసలో జీడిపప్పు పరిశ్రమకు వెళ్లే ఒకావిడ ఉందనుకుందాం. భర్త చెన్నైలో పని, ఫోను సాయంత్రమైతే కొడుకు చేతిలో. ఇచ్ఛాపురంలో ఉన్న అప్ప (అక్క)తో ముందే చెప్పుకోవాలి: "అప్పా, ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి. రెండే అడుగు: ఏ పాఠంలో ఉన్నావు, తర్వాతది ఎప్పుడు తెరుస్తావు?" 'ఎందుకు చెయ్యలేదు' అన్న ప్రశ్న వద్దని గట్టిగా చెప్పాలి. ఆ ప్రశ్న వింటే సిగ్గేసి, మరుసటి ఆదివారం ఫోనే ఎత్తం. ఫోను ఇంట్లో అందరిదీ అయితే కోర్సుకు పాస్‌వర్డ్ పెట్టుకోండి. ఎవరైనా చదువుతారన్న టెన్షన్ ఉంటే మనసులో మాట రాయలేం.

ఈ వారం అభ్యాసం: ఆ మనిషి ఎవరో తేల్చి, ఈ రోజే అడగండి. కరెంటు పోయినా, నెట్ రాకపోయినా ఆదివారం ఫోను మాత్రం మానొద్దు. వారాలు తప్పినా మొదటి పాఠానికి వెళ్లకండి, ఆగినచోట తెరిచి పది నిమిషాలు చేయండి.

డాక్టరు మందులు ఇచ్చి ఉంటే అవి ఆపకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే కోర్సు పక్కన పెట్టి వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.

వచ్చే పాఠం: కాస్త బాగుందని ఆపేసేవాళ్లు.