పాత ట్రాన్సిస్టర్ రేడియో మరమ్మతు – నాలుగవ పాఠం: లోపం ఏ భాగంలో ఉందో తేల్చడం

గత మూడు పాఠాలలో సెట్ విప్పడం, సెల్లుల గూటిలో పట్టిన చిలుమును శుభ్రం చేయడం, స్పీకరునూ స్విచ్చినీ మల్టీమీటరుతో పరీక్షించడం నేర్చుకున్నాం. అవన్నీ సరిగా ఉన్నప్పటికీ సెట్ పలకకపోయినా, పలికీ పలకనట్లు గొణుగుతున్నా, లోపం సర్క్యూట్ బోర్డు మీదనే ఉందని నిర్ధారించుకోవచ్చు. అనుమానం కలిగిన ప్రతి భాగాన్నీ ఊడదీసి కొత్తది వేసి చూసే అలవాటు మరమ్మతు దుకాణాలలో చాలాకాలంగా ఉంది. యాభై ఏళ్ల నాటి బోర్డుకు అంతకు మించిన హాని లేదు, ఎందుకంటే సోల్డరింగ్ వేడికి రాగి పట్టీలు పొరలుగా లేచిపోతాయి, అసలు లోపానికి తోడు మనం చేసిన లోపం కూడా వచ్చి చేరుతుంది. అందువల్ల ఈ పాఠంలో ఒక్క భాగాన్ని కూడా ఊడదీయకుండా, లోపం ఎక్కడ ఉందో తేల్చే పద్ధతిని మాత్రమే అభ్యసిద్దాం.

పరీక్షలన్నీ కొత్త సెల్లుల మీదనే చేయాలి. కరెంటుకు తగిలించే ఎలిమినేటరు వాడవద్దు. దానివల్ల వచ్చే గుర్రుమనే మోత సెట్‌లోని లోపాన్ని కప్పిపుచ్చుతుంది, పైగా ఎలిమినేటరు పాతదైతే షాకు కొట్టే ప్రమాదం కూడా ఉంది. నాలుగు సెల్లుల సెట్‌కు ఆరు వోల్టులు, ఆరు సెల్లుల సెట్‌కు తొమ్మిది వోల్టులు అందుతున్నాయో లేదో బోర్డు మీదనే కొలిచి చూడండి. పాత పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్ల సెట్లలో ఎర్త్ పట్టీకి, అంటే బోర్డు మీద అన్ని భాగాలకూ ఉమ్మడిగా ఉండే రాగి పట్టీకి, సెల్లుల ప్లస్ కొస కలిపి ఉంటుంది కాబట్టి, మీటరు మైనస్ అంకెలు చూపిస్తే కంగారు పడవలసిన పని లేదు.

మొట్టమొదట సెట్ ఎంత కరెంటు తీసుకుంటున్నదో చూడాలి. దీనికి తీగలేవీ కోయనవసరం లేదు. సెట్ స్విచ్ ఆపి ఉంచి, మీటరును ముందుగా పది ఆంపియర్ల రేంజిలో పెట్టి, దాని రెండు కడ్డీలను స్విచ్ రెండు కొసలకు ఆనిస్తే, మీటరు గుండానే సెట్‌కు కరెంటు అందుతుంది. రీడింగు స్వల్పంగా ఉందని రూఢి అయిన తరువాత మిల్లీఆంపియర్ల రేంజికి మార్చుకోవాలి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినప్పుడు మామూలు ఆరు వోల్టుల సెట్ పది నుంచి ఇరవై మిల్లీఆంపియర్ల వరకు తీసుకుంటుంది. అసలేమీ తీసుకోకపోతే సెల్లులకూ బోర్డుకూ మధ్య ఎక్కడో తెగింది. వంద దాటితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు గానీ, సెల్లులకు అడ్డంగా ఉండే పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు గానీ షార్ట్ అయిందని భావించి, వెంటనే కడ్డీలు తీసేయండి. రీడింగు మామూలుగా ఉండి శబ్దం రాకపోతేనే తరువాతి పరీక్షకు వెళ్లాలి.

ఇప్పుడు సర్క్యూట్‌ను రెండుగా విభజించుకుందాం. కేసీ (కర్నూలు–కడప) కాలువ నీరు చివరి ఆయకట్టుకు అందడం లేదంటే ఎవరూ కాలువ మొదలయ్యే సుంకేశుల నుంచి గట్టు వెంబడి నడుచుకుంటూ రారు. నడుమ ఒక తూము దగ్గర నిలబడి అక్కడిదాకా నీరు వస్తున్నదో లేదో చూసుకుని, పైకి వెళ్లాలో కిందికి వెళ్లాలో నిశ్చయించుకుంటారు. రేడియోలో అటువంటి తూము వాల్యూమ్ కంట్రోల్. దానికి ముందున్నదంతా స్టేషన్‌ను పట్టి, వేరుచేసి, దానిలోని మాటనూ పాటనూ విడదీసే రేడియో భాగం. దాని తరువాతిదంతా ఆ బలహీనమైన ధ్వనిని స్పీకరును కదిలించేంతగా పెంచే ఆడియో భాగం.

వాల్యూమ్ పూర్తిగా పెంచి, సన్నని స్క్రూడ్రైవరు లోహపు భాగాన్ని వేలితో పట్టుకుని, దాని మొనను వాల్యూమ్ కంట్రోల్ నడిమి కొసకు తాకించండి. మన ఒంటి మీద ఇంటి వైరింగు నుంచి ఎప్పుడూ కొంత విద్యుత్ సంకేతం ఎక్కి ఉంటుంది. ఆడియో భాగం బాగుంటే ఆ సంకేతమే స్పీకరులో గట్టిగా గుర్రుమని వినిపిస్తుంది. అలా వినిపిస్తే లోపం వాల్యూమ్ కంట్రోల్‌కు ముందున్న రేడియో భాగంలో ఉంది. వినిపించకపోయినా, బావిలోంచి వచ్చినట్లు లోగొంతుకతో వినిపించినా, ఆడియో భాగంలో ఉంది. కంట్రోల్ తిప్పినప్పుడు కరకరమంటే లోపలి కార్బన్ పట్టీ అరిగింది లేదా దుమ్ము పట్టింది. దాన్ని ముందు శుభ్రం చేసి తరువాత పరీక్షించండి, లేకపోతే ఈ ఫలితాన్ని నమ్మడానికి వీలుండదు.

ఆడియో భాగంలో అన్నిటికంటె ముందు అనుమానించవలసింది ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లనే. వాటి లోపలి ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. సెల్లులకు అడ్డంగా ఉన్న వంద మైక్రోఫారడ్ కండెన్సరు ఎండితే సెట్ టుకటుకమని కొట్టుకుంటుంది లేదా ఈల వేస్తుంది, సెల్లులు పాతబడేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. ఒక ట్రాన్సిస్టరు నుంచి మరొకదానికి ధ్వనిని అందించే ఐదు, పది మైక్రోఫారడ్ కండెన్సరు ఎండితే శబ్దం సన్నబడిపోతుంది. సెట్ ఆపి, అంతే విలువ గల మంచి కండెన్సరును ప్లస్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు వచ్చేటట్లు పాతదానికి పక్కగా ఆనించి, మళ్లీ సెట్ వేయండి. శబ్దం పెరిగితే పాతది ఎండిపోయినట్లే. అయితే కండెన్సరు లోపల కరెంటు కారుతున్నట్లయితే ఈ పరీక్షకు దొరకదు, దానికి ఒక కాలును విడదీయక తప్పదు. ఆ పని ఆరవ పాఠంలో చేద్దాం.

మన జిల్లాలలో మరమ్మతు చేసేవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన లోపం ఒకటుంది. పొద్దున చక్కగా పలికిన సెట్ మధ్యాహ్నానికి గొంతు జీరపోయినట్లు పలకడం, సెల్లులు వారం తిరక్కుండానే అయిపోవడం దీని లక్షణాలు. జమ్మలమడుగు వైపు శనక్కాయ చేలో మోటారు కొట్టంలో ఉంచిన ఒక సెట్ ఇటువంటి ఫిర్యాదుతోనే నా దగ్గరకు వచ్చింది. నీడలో బల్ల మీద పెట్టి ఎంతసేపు చూసినా దానిలో ఏ దోషమూ కనిపించలేదు. మే నెల ఎండకు రేకుల కింద ఒక పూట ఉంచి కొలిస్తే, కదలకుండా ఉండవలసిన కరెంటు మెల్లమెల్లగా పైకి పాకడం కనిపించింది. 1960ల, 70ల సెట్లలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లుగా వాడిన ఏసీ 128, దాని జోడీగా వచ్చే ఏసీ 127 జెర్మేనియంతో చేసినవి. జెర్మేనియంలో అనవసరంగా కారే కరెంటు, వేడి సుమారు పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాదాపు రెట్టింపవుతుంది. ఇరవై ఐదు డిగ్రీల దగ్గర లెక్కలోకి రానంత తక్కువగా ఉన్నది, కడప వేసవిలో నలభై దాటేసరికి మూడింతలకు పైబడుతుంది. ఆ కరెంటు ట్రాన్సిస్టరును ఇంకా వేడెక్కిస్తుంది, ఆ వేడికి కరెంటు మరింత పెరుగుతుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. మీటరు స్విచ్ కొసల మీదనే ఉంచి, సెట్ వెచ్చగా ఉన్నప్పుడు రీడింగు చూడండి. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో తడిపి, ఒక్కొక్క అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు ఒంటికీ కాసేపు ఆనించండి. స్పిరిట్ ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది. దేనిని చల్లబరచినప్పుడు రీడింగు స్పష్టంగా దిగివచ్చి ధ్వని తేటపడుతుందో, అదే లోపం గలది. ఈ పరీక్ష చేసేటప్పుడు సోల్డరింగ్ ఐరన్‌ను దూరంగా ఉంచాలి, దగ్గరలో మంట ఉండకూడదు. ట్రాన్సిస్టర్లను చల్లబరచినా మార్పు రాకపోతే, వాటి పక్కనే ఉండే థర్మిస్టరును అనుమానించండి. వేడి పెరిగినప్పుడు కరెంటును అదుపు చేయడానికే దాన్ని అక్కడ పెట్టారు. చాలామంది దాన్ని మామూలు రెసిస్టరు అనుకుని మార్చేస్తారు, ఆ సెట్ తరువాతి వేసవిని తట్టుకోలేదు.

ఇక రేడియో భాగం. స్క్రూడ్రైవరు పరీక్షలో గుర్రుమనే మోత బాగా వచ్చి, స్టేషన్లు మాత్రం ఒక్కటీ రాకపోతే, మొదట అడగవలసిన ప్రశ్న లోకల్ ఆసిలేటరు పనిచేస్తున్నదా లేదా అన్నది. మన రేడియోలు వచ్చిన స్టేషన్‌ను ఉన్నదున్నట్లుగా పెంచవు. తామే ఒక తరంగాన్ని పుట్టించి, దాన్ని స్టేషన్ తరంగంతో కలిపి, రెండింటి తేడా అయిన 455 కిలోహెర్ట్జ్‌ను మాత్రమే ముందుకు పంపుతాయి. అంటే డయల్ ముల్లు ఎక్కడుంటే అక్కడికి 455 ఎక్కువగా సెట్ లోపల ఒక చిన్న ట్రాన్స్‌మిటరు పనిచేస్తూ ఉంటుంది. 1963లో ప్రారంభమైన కడప ఆకాశవాణి కేంద్రం మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్‌ది. సెట్ ముల్లు దాని మీద ఉన్నప్పుడు ఆసిలేటరు 1355 దగ్గర ఉండాలి. హైదరాబాద్ 738 కయితే 1193, బెంగళూరు 612 కయితే 1067.

ఈ మూడూ మీడియం వేవ్ హద్దులలోనే ఉన్నాయి కనుక, మరొక మంచి రేడియో ఉంటే చాలు, ఏ విలువైన పరికరమూ అవసరం లేదు. మంచి సెట్‌ను 1355 దగ్గర ఏ స్టేషనూ లేని చోట పెట్టి, సోమనే మోత వినిపించేటట్లు వాల్యూమ్ పెంచండి. పాత సెట్‌ను దానికి జానెడు దూరంలో ఉంచి, దాని ముల్లును 900కు అటూ ఇటూ చాలా నిదానంగా తిప్పండి. ఒకచోట మంచి సెట్‌లోని ఆ మోత ఠక్కున అణిగిపోతుంది. అక్కడ దూరపు స్టేషన్ ఏదైనా సన్నగా ఉంటే, దిగుతూ ఎక్కుతూ ఒక ఈల వినిపిస్తుంది. అలా జరిగితే పాత సెట్ ఆసిలేటరు బతికే ఉంది, లోపం దాని తరువాత ఆ 455 కిలోహెర్ట్జ్‌ను పెంచే ఐఎఫ్ దశలలోనో, దానిలోంచి ధ్వనిని విడదీసే డిటెక్టరు డయోడు దగ్గరనో ఉంది. ముల్లు ఈ కొస నుంచి ఆ కొస వరకు తిప్పినా మార్పు లేకపోతే ఆసిలేటరు ఆగిపోయింది. అప్పుడు మొదటి ట్రాన్సిస్టరునూ, చాలా సెట్లలో ఎర్ర స్క్రూతో ఉండే ఆసిలేటరు కాయిల్‌నూ, స్టేషన్ మార్చడానికి తిప్పే గ్యాంగ్ కండెన్సరునూ చూడాలి. రేకుల గ్యాంగ్ అయితే వంగిన రేకు పక్క రేకుకు తగిలినా ఆసిలేటరు ఆగుతుంది. డయల్ పై కొసలో, అంటే ఎక్కువ కిలోహెర్ట్జ్ వైపు, పలుకుతూ కింది కొసలో ఆగిపోయే సెట్‌కు ముందు సెల్లులు మార్చి చూడండి, బలహీనమైన సెల్లులతో ఆసిలేటరు సాధారణంగా ముందు కింది కొసలోనే చతికిలబడుతుంది.

ఆసిలేటరు ఉన్నా స్టేషన్లు బలహీనంగా వస్తుంటే సెట్ లోపలి ఏరియల్ అయిన ఫెర్రైట్ కడ్డీ మీది కాయిల్‌ను భూతద్దంతో చూడండి. అది వెంట్రుకల వంటి సన్నని పోగులను పేనిన తీగ. బోర్డుకు అతికించే చోట వాటిలో కొన్ని తెగి ఉండడం సర్వసాధారణం. ఐఎఫ్‌టీ (ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్) డబ్బాలలోని రంగు స్క్రూలను మాత్రం ఈ దశలో తాకవద్దు. అవి వాటంతట అవి తిరగవు, ఎవరూ వేలుపెట్టని సెట్‌లో అవి ఉన్నచోటే సరైన చోటు.

కడప పట్టణంలో ఉండి నేర్చుకునేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. కేంద్రం దగ్గరలో ఉండడం వల్ల అక్కడ 900 సంకేతం ఎంత బలంగా ఉంటుందంటే, సగం చెడిన సెట్ కూడా దాన్ని గట్టిగానే వినిపిస్తుంది. కనుక అది పలికినంత మాత్రాన సెట్ బాగైందని యజమానికి అప్పగించవద్దు. రాత్రిపూట హైదరాబాదు గానీ, విజయవాడ 837 గానీ అందుకోగలుగుతున్నదో లేదో చూడండి. ఎల్ఈడీ బల్బులూ టీవీలూ పుట్టించే రొద మీడియం వేవ్ మీద పడుతుంది కాబట్టి, ఈ పరీక్షను ఇంటి బయటకు వచ్చి చేయాలి. కరెంటు పోయినప్పుడు చేస్తే ఇంకా మంచిది.

వచ్చే పాఠంలో ట్రాన్సిస్టరు మూడు కాళ్ల మీది వోల్టేజీలను బట్టి చెడినదాన్ని గుర్తించడం చూస్తాం. అందుకోసం మీ దగ్గర బాగా పలుకుతున్న పాత సెట్ ఒకటి తీసుకుని, ప్రతి ట్రాన్సిస్టరుకూ ఎమిటర్, బేస్, కలెక్టర్ వోల్టేజీలను ఎర్త్ నుంచి కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. ఏసీ 128 వంటివాటిలో ఒంటి మీద చుక్క ఉన్న వైపు కాలు కలెక్టర్. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య తేడా జెర్మేనియం వాటిలో 0.1 నుంచి 0.3 వోల్టుల వరకు, బీఎఫ్ 194 వంటి సిలికాన్ వాటిలో 0.6 నుంచి 0.7 వరకు ఉండాలి. ఈ హద్దులు దాటిన అంకె ఏదైనా కనిపిస్తే దాని కింద గీత గీసి ఉంచండి, పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.