ఇంట్లో రోగి సంరక్షణ – 5వ పాఠం: స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి తల తిరిగితే

గత పాఠంలో డాక్టరు చీటీని చదివి, మాత్ర పేరు, మోతాదు, వేసుకునే పూట నోటుబుక్కులో ఎక్కించుకోవడం నేర్చుకున్నాము. నేటి సాధనకు ఆ నోటుబుక్కుతో పాటు చేతికి పట్టీ చుట్టే బీపీ మిషను, ఒక గడియారం కావాలి.

ఉబ్బసానికో, కీళ్ళవాతానికో ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారిలో కొందరికి తల తిరుగుతుంది. అయితే మన చిత్తూరు, తిరుపతి వైపు "తల తిరగతా ఉండాది" అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు బాధలు ఇమిడి ఉంటాయి కనుక, ముందుగా రోగిని నిదానంగా అడిగి అది ఏదో తేల్చుకోవాలి. పడుకుని పక్కకు ఒత్తిగిలినా గది గిర్రున తిరుగుతున్నట్లుంటే అది చాలావరకు లోపలి చెవికి సంబంధించినది. తల బాగానే ఉండి నడకలో తూలుతూ, కింద కూర్చుంటే చేయి ఊతం లేకుండా లేవలేకపోతుంటే, చాలాకాలం స్టెరాయిడ్ వాడినందువల్ల తొడ కండరాలు బలహీనపడి ఉండవచ్చు. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మితే మాత్రం రక్తపోటును అనుమానించాలి. ఈ పాఠమంతా ప్రధానంగా దాని గురించే.

మూత్రపిండాల మీద టోపీలాగా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. సుమారు మూడు వారాలకు మించి మాత్రల రూపంలో అటువంటి మందే బయటి నుండి అందుతుంటే ఆ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి, అందువల్ల మాత్రలు హఠాత్తుగా మానేస్తే శరీరానికి కార్టిసాల్ చాలక రక్తపోటు పడిపోతుంది, నీరసం, వాంతులు, కళ్ళు తిరగడం వస్తాయి. మా బంధువుల్లో ఒకావిడ నొప్పులు తగ్గాయి కదా అని మాత్రలు ఆపేసి, నాలుగో రోజున శనివారం ఒక్కపొద్దుతో అలిపిరి మెట్లెక్కబోయి గాలిగోపురం చేరకముందే కూలబడ్డారు. చుట్టూ ఉన్నవారు ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాపారే గాని, మాత్రల సంగతి ఎవరూ అడగలేదు. 3,550 మెట్లున్న దారిలో ఎవరికైనా కళ్ళు తిరగవచ్చును గనుక వారిని తప్పుపట్టలేము.

మందు వాడుతుండగా కూడా తల తిరగవచ్చు. స్టెరాయిడ్ శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి రక్తపోటును పెంచగలదు. రక్తంలో చక్కెరనూ పెంచుతుంది. ఉదయం మాత్ర వేసుకున్నవారికి చక్కెర మధ్యాహ్నం నుండి సాయంత్రం వరకు ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి, పరగడుపు పరీక్ష బాగుందని నిశ్చింతగా ఉండరాదు.

ఇక కొలిచే పద్ధతి. కొలతకు ముందు అరగంట వరకు కాఫీ, పొగ వద్దు. రోగిని అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి రాయండి. తరువాత పక్కనే ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండగా నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరొకసారి చూడండి. పట్టీ ఉన్న చేయి గుండె ఎత్తులో ఉండాలి. చేయి కిందికి వేలాడితే అంకె ఎక్కువగా చూపి, పడిపోవడాన్ని కప్పేస్తుంది. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకు మించి గాని తగ్గితే లెక్కలోకి తీసుకోవాలి. ఉదాహరణకు పడుకున్నప్పుడు 130/80, నిలబడ్డాక 104/72 వస్తే పై అంకెలో 26 తేడా ఉన్నట్లు. మధ్యలో కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోబెట్టండి, మూడో నిమిషం కోసం పట్టుబట్టవద్దు.

మోతాదు తగ్గించడం, ఆపడం మన పని కాదు; అంకెలు రాసి డాక్టరుకు చూపడమే మన పని. స్పృహ తప్పినా, వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోయినా, మలం తారులాగా నల్లగా వచ్చినా, మాట తడబడినా నోటుబుక్కు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి; వచ్చినవారికి స్టెరాయిడ్ వాడుతున్న సంగతి మొదటి మాటగా చెప్పండి.

సాధనగా మూడు రోజుల పాటు ఉదయం మాత్రకు ముందు, మళ్ళీ సాయంత్రం నాలుగు గంటలకు ఈ మూడు కొలతలు తీసుకుని, పక్కనే ఆ పూట ఏమి తిన్నారో, కళ్ళు తిరిగాయో లేదో రాయండి. ఆరో పాఠంలో చక్కెర మిషనుతో వేలి రక్తం చూడడం నేర్చుకుందాము. అప్పుడు ఈ సాయంత్రపు వరుస మళ్ళీ అవసరమవుతుంది.