అంబాసిడర్ బాడీని ఇంటి దగ్గరే విప్పి, రేకు దాకా గీకడం ఎలా?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో ఏపీ 24, ఏపీ 22 నంబర్లతో వేపచెట్ల కింద ఆగిపోయిన అంబాసిడర్లు ఇంకా కనిపిస్తాయి. 2014లో తయారీ ఆగిపోయింది కాబట్టి ఇక కొత్తవి రావు. ఉన్నవాటిలో బాగుచేయగలిగిన ప్రతి బండినీ కాపాడుకోవాలి. ఇంజిన్ పని మెకానిక్‌కి అప్పజెప్పినా, బాడీ విప్పే పని ఓపికుంటే ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

పానా పట్టేముందు ఆర్సీ తీసి చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు గడువు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. రంగు మార్చాలనుకుంటే అది కూడా ఆర్సీలో ఎక్కించాలి. బండికి 50 ఏళ్లు దాటితే 2021లో వచ్చిన నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ అడగవచ్చు. కానీ చాసిస్, బాడీ షెల్, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఆ ఉద్దేశం ఉంటే కటింగ్ వీల్ ముట్టుకోకముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి. చాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ అస్సలు పెట్టొద్దు.

వానాకాలంలో ఈ పని మొదలుపెట్టకండి. సంక్రాంతి పోయాక మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, అదే మంచి సమయం. బండి చుట్టూ తిరగడానికి, విప్పిన తలుపులు నిలబెట్టడానికి చోటున్న రేకుల షెడ్డు చాలు.

ముందు బ్యాటరీ తీసేయండి. తర్వాత పెట్రోల్ ట్యాంకు దింపి షెడ్డుకు దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు. లోపలి ఆవిరికి గ్రైండర్ నిప్పురవ్వ ఒక్కటి తగిలినా చాలు.

బంపర్లు, గ్రిల్లు, లైట్లు, సీట్లు, డోర్ ప్యాడ్లు వరసగా తీయండి. ప్రతిదీ విప్పకముందు ఒక ఫోటో, విప్పాక ఒక ఫోటో. బోల్టులు కవర్లో వేసి మీద పేరు రాయండి. తలుపు కీలు (హింజ్) కింద పలుచని వాషర్లుంటే ఏ తలుపువి ఆ తలుపు కవర్లోనే ఉండాలి. పట్టేసిన బోల్టుకు ముందు రోజు సాయంత్రమే డీజిల్ పోసి ఉంచండి. అద్దం దగ్గర మాత్రం తొందరపడొద్దు. పాత రబ్బరు బీడింగ్‌ను బ్లేడుతో కోసేసి, ఇద్దరు పట్టుకుని తీయండి. ఆ తర్వాత బానెట్, డిక్కీ, మడ్‌గార్డులు.

తలుపులు దింపేముందు వాటి సందులు నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఫ్రేము లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. అందులో ముఖ్యమైనది తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్. స్క్రూడ్రైవర్ మొనతో దాన్ని పొడుచుకుంటూ వెళ్లండి. గట్టిగా టక్కుమంటే రేకు బాగున్నట్టు, మొన లోపలికి దిగిందంటే తుప్పు తినేసినట్టు. నీళ్లు పోయే రంధ్రాలను తీగతో కెలికితే ఏళ్ల తరబడి పేరుకున్న ఎర్రమట్టి ముద్దలుగా రాలుతుంది. తేమ పట్టి ఉంచి, లోపలి నుంచే రేకును తినేది అదే. సిల్ కోయాల్సి వస్తే ముందు బండిని లెవెల్‌గా స్టాండ్ల మీద నిలబెట్టి, తలుపు ఖాళీకి అడ్డంగా చదరపు పైపులు వెల్డింగ్ చేయించండి. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు ముట్టుకోవాలి. లేకపోతే బాడీ నడుము కుంగి, తలుపులు మళ్లీ సరిగా పడవు.

ఇక పెయింటు. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి మంచి మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లల్ని ఆ దగ్గరికి రానివ్వొద్దు. రూఫు, బానెట్ లాంటి వెడల్పు రేకులకు పెయింట్ రిమూవర్ పూసి గీకడమే మంచిది. ఇసుక బ్లాస్టింగ్ చేయిస్తే వంకర పోతాయి. మూలల్లో వైర్ బ్రష్ వాడండి. గుడ్డ చుట్టిన అయస్కాంతం ఎక్కడ అంటుకోలేదో అక్కడ పుట్టీ (సొట్టలు పూడ్చే ముద్ద) మందంగా ఉన్నట్టే, అక్కడ మొత్తం గీకాల్సిందే.

ఒక రోజు ఎంత భాగానికి ప్రైమర్ కొట్టగలరో అంతే గీకండి. గీకిన రేకును బోరు నీళ్లతో కడగొద్దు, మన బోర్లలో ఉప్పు ఎక్కువ. థిన్నర్ గుడ్డతో తుడిచి, చేయి తగలకుండా ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. ప్రైమర్ ఆరాక, రేకు మార్చాల్సిన చోట్లన్నీ సుద్దముక్కతో చుట్టి టింకరింగ్ మేస్త్రీని పిలవండి. బండి మొత్తం చూసి, ఎంతవుతుందో ఆయన అప్పుడే కచ్చితంగా చెప్పగలడు.